చైన్ సెట్టుకు యాప్ అప్పా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. శ్రీకాకుళంలో ఒక ల్యాబ్‌లో పని చేస్తున్నాను. జీతం 19,000. చీటీ కాకుండా ఇంటి ఖర్చు నెలకు 15,000 అవుతుంది. 2013లో కొన్న 125 సీసీ బండి మీద రోజూ రానూపోనూ 50 కిలోమీటర్లు తిరుగుతాను. నెల రోజులుగా మడపాం వంతెన ఎక్కేటప్పుడు బండి కుదుపుతోంది, వెనక నుంచి కటకటమని చప్పుడు వస్తోంది. చైన్ సెట్టు, క్లచ్ ప్లేట్లు, వెనక టైరు, ఆయిల్ కలిపి 5,800 అవుతుందని మెకానిక్ చెప్పాడు. ఖాతాలో 3,400 ఉన్నాయి. ఫోన్లో ఒక యాప్ 6,000 అప్పు ఇస్తానంటోంది. చేతికి 5,100 వస్తాయి, 30 రోజుల్లో 6,300 కట్టాలి. లేదంటే నెలకు 2,000 కట్టే 50,000 చీటీ ఉంది, 25 నెలల్లో 11 అయ్యాయి, పాడేయాలా? షోరూంలో మాత్రం పాత బండి ఇచ్చేసి కొత్తది తీసుకోమంటున్నారు. 70,000 లోను, నెలకు 2,780 చొప్పున 30 నెలలు. ఓవర్‌టైం చేస్తే ఆ మాత్రం కట్టగలను. బండి ఇన్సూరెన్సు రెండేళ్లుగా లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ యాప్‌ని ఫోన్లోంచి తీసేయండి. తీసేశాకే మిగతాది చదవండి.

మీ చేతికొచ్చేది 5,100. నెల తిరిగేసరికి కట్టాల్సింది 6,300. అంటే 5,100 మీద నెలకు 1,200 వడ్డీ, నూటికి 23 రూపాయల పైమాటే. మీ ఊళ్లో ఎవరైనా నూటికి ఐదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడంటే నోరు నొక్కుకుంటారు. ఫోన్లో బొటనవేలితో నొక్కేసరికి 23 రూపాయల వడ్డీ ఎందుకు కనపడదు? ప్రాసెసింగ్ ఫీజు అనే పేరుతో ముందే కోసేస్తారు కాబట్టి. అప్పిచ్చే యాప్ ఏదైనా ఏడాదికి మొత్తం ఎంత శాతం పడుతుందో ముందే చూపించాలని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే చెప్పింది. మీ ఫోన్లోని నంబర్ల జోలికి పోకూడదని కూడా చెప్పింది. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఆ శాతం ఎక్కడా లేదు, పైగా కాంటాక్టులకు అనుమతి అడుగుతోంది. రేపు ఒక్క వాయిదా ఆలస్యమైతే ల్యాబ్‌లో మీ పై అధికారికి, అత్తవారింటికి ఫోన్లు వెళ్తాయి. ఇప్పటికే ఇలాంటి వాటిలో ఇరుక్కుని బెదిరింపులు పడుతున్నవాళ్లు ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చీటీ పాడొద్దు. ఇప్పుడు పాట 13,000 దాకా పోతోందని రాశారు. ఆరు వేల పనికి పదమూడు వేలు వదులుకుని, చేతికొచ్చిన 37,000లో ఆరు వేలు బండికి పోతే మిగతా డబ్బు ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా ఇంకా 14 నెలలు కట్టాలి. అది రిజిస్టరైన చీటీయో కాదో మాత్రం ఒకసారి కనుక్కోండి. మీ ఆవిడ పొదుపు సంఘంలో ఉంటే అక్కడి అప్పు వడ్డీ తక్కువే, కానీ దాన్ని ఇంతకంటే పెద్ద పనికి దాచుకోండి.

ఇక బండి. మీరు రాసిన లక్షణాలు చూశాక మా వీధి చివర షెడ్డుకి వెళ్లి పాత చైన్ సెట్టు ఒకటి చూపించమన్నాను. మెకానిక్ గోనెపట్టా మీద పాత వెనక స్ప్రాకెట్టు, అంటే చైన్ తిరిగే పళ్ల చక్రం, దాని పక్కన కొత్తది పెట్టాడు. కొత్తదాని పళ్లు రెండు వైపులా సమంగా, కొన దగ్గర మొద్దుగా ఉన్నాయి. పాతదాని ప్రతి పన్నూ ఒకే వైపుకి వంగి, కొడవలి కొనలా సన్నబడింది. తర్వాత రెండు చైన్లనూ అడ్డంగా చాచి పట్టుకున్నాడు. కొత్తది కర్రలా నిలబడింది. పాతది పూలదండలా కిందికి జారింది. "పళ్లన్నీ అరిగిపోనాయి బాబూ, దీని మీద కొత్త చైన్ ఒక్కటే వేస్తే మళ్లీ నా దగ్గరకే వస్తారు" అన్నాడు.

అది నిజం. చైన్ సాగడమంటే ఇనుము సాగడం కాదు. లోపలి పిన్నులు, బుష్‌లు అరిగి లింకుకీ లింకుకీ మధ్య దూరం పెరగడం. దూరం పెరిగిన చైన్ పళ్ల మధ్య గుంటలో కూర్చోదు, పన్ను మీదికి ఎక్కుతుంది. ఎక్కి జారినప్పుడల్లా మీకు వినపడే కటకట, వంతెన మీద తగిలే కుదుపు. అందుకే చైను, ముందు స్ప్రాకెట్టు, వెనక స్ప్రాకెట్టు మూడూ కలిపే మార్చాలి. ఆరు వందలు మిగులుతాయని చైన్ ఒక్కటే వేయిస్తే అరిగిన పళ్లు దాన్ని కొన్ని వేల కిలోమీటర్లలోనే తినేస్తాయి. ఒకటో రెండో లింకులు తీసి బిగించడం ఇంకా తప్పు. హైవే మీద చైన్ తెగితే ఇంజిన్ కేసు పగలొచ్చు, వెనక చక్రం పట్టేయొచ్చు. మడపాం వంతెన మీద వెనక లారీ ఉండగా అలా జరగడం తలుచుకోండి.

మీ లెక్కలో చైన్ సెట్టు, వెనక హబ్‌లోని రబ్బర్లు, కూలీ కలిపి 2,000. ఇది ఈ వారమే చేయించండి. ఖాతాలో ఉన్న 3,400 నుంచే. అదే రోజు ఇన్సూరెన్సు కట్టండి. 75 నుంచి 150 సీసీ బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ రేటు ప్రకారం 714, దాని మీద జీఎస్టీ. బండి యజమానికి 15 లక్షల ప్రమాద బీమా కూడా కలుపుకుని మొత్తం పన్నెండు వందలు పెట్టుకోండి. రెండేళ్లుగా ఇన్సూరెన్సు లేకుండా జాతీయ రహదారి మీద రోజూ 50 కిలోమీటర్లు తిరుగుతున్నారంటే నాకు నిద్ర పట్టలేదు. పోలీసు పట్టుకుంటే మొదటిసారి 2,000 జరిమానా, అది చిన్న విషయం. మీ బండి ఎవరికైనా తగిలి వాళ్లకు ఏమైనా అయితే కోర్టు చెప్పిన పరిహారం మీరే కట్టాలి. ఉన్న ఇల్లు కూడా చాలదు.

క్లచ్ ప్లేట్లకు మాత్రం తొందరపడకండి. ముందు క్లచ్ వైరు టైటుగా ఉందేమో చూడమనండి. లివర్‌కి కాస్త కూడా వదులు లేకపోతే ప్లేట్లు బాగున్నా జారతాయి, వదులు పెడితే చాలాసార్లు సరిపోతుంది. అప్పటికీ యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్ అరుస్తూ బండి ముందుకు పోకపోతే వచ్చే జీతంలో 1,500 పెట్టి మార్పించండి. టైరు ఇంకో నాలుగు నెలలు వస్తుందని మీ మెకానిక్ చెప్పాడని రాశారుగా, రెండో నెలలో వేయిద్దాం. గాడుల మధ్య ఉండే చిన్న దిమ్మెలు పై రబ్బరుతో సమానమైతే మాత్రం ఆగకండి.

కొత్త బండి గురించి ఒక్క మాట. 30 నెలలు కడితే 83,400, అందులో వడ్డీ 13,400. కొత్త బండికి కూడా చైన్ ఉంటుంది, అది కూడా మీ చేతుల్లో ఇలాగే అరుగుతుంది. మీ బండి ఇంజిన్ బాగుందని మీరే రాశారు. ఆర్‌సీ 2028 దాకా ఉంది.

ఇప్పుడు నేను ఈ ఉత్తరాన్ని ఎందుకు ఎంచుకున్నానో చెప్తాను. మీరు పొదుపు చేయని మనిషి కాదు. నెలనెలా 2,000 చీటీ కడుతున్నారు, అంటే జీతంలో పదో వంతు పైన పక్కన పెడుతున్నారు. అయినా రెండు వేల చైన్ సెట్టు దగ్గర యాప్ దాకా వెళ్లారు. ఎందుకంటే దాచిన ప్రతి రూపాయీ మీ చేతికి అందని చోట ఉంది. మన వైపు నా దగ్గరకొచ్చే పది ఇళ్లలో ఏడు ఇళ్లు ఇలాగే ఉన్నాయి. బంగారం ఉంటుంది, చీటీ ఉంటుంది, ఒక పాలసీ ఉంటుంది, బీరువాలో మాత్రం ఐదు వేలు ఉండవు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడితోటలు నేలకూలాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి. నాకు తెలిసిన ఒకాయనకు బ్యాంకులో మూడు లక్షల డిపాజిట్ ఉంది. ఏటీఎం పని చేయదు, ఫోను పని చేయదు. పిల్లల పాలకీ, జనరేటర్ మీద నీళ్లు తోడించుకోవడానికీ ఇరుగుపొరుగు దగ్గర చేయి చాచాడు. ఆయనకు డబ్బు లేక కాదు. అప్పటి నుంచి నా దగ్గరకు ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే అడుగుతాను: రేపు పొద్దున్నకి పదివేలు కావాలంటే, ఎవరినీ అడగకుండా, ఏదీ అమ్మకుండా తేగలరా?

మీరు తేలేరు. ముందు దీన్ని సరిచేద్దాం.

షోరూం వాడికి నెలకు 2,780 కట్టగలనన్నారు కదా. అదే డబ్బు, అదే ఓవర్‌టైం, మీకే కట్టుకోండి. మొదటి రెండు నెలల 5,560లోంచి క్లచ్‌కి 1,500, టైరుకి 1,900, ఆయిల్‌కి 400 పోగా 1,760 మిగులుతుంది. అది మీ ఆపద నిధికి మొదటి డబ్బు. మూడో నెల నుంచి 2,780ని రెండుగా చీల్చండి. 700 బండికి, 2,080 ఆపద నిధికి. ఈ రెండూ ఎప్పుడూ కలవకూడదు, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. బండి ఖర్చు ఆపద అనుకుంటారు. నెలకు 1,300 కిలోమీటర్లు తిరిగే బండికి చైన్ సెట్టు సుమారు 18,000 కిలోమీటర్లు వస్తుందనుకున్నా పద్నాలుగు నెలలకోసారి రెండు వేలు పోతుందని ఈ రోజే తెలుసు. నెలకు 145. మూడు వేల కిలోమీటర్లకోసారి ఆయిల్, నెలకు 175. వెనక టైరు, క్లచ్, ఇన్సూరెన్సు, బ్రేకు షూలు అన్నీ కలిపినా 700 లోపే తేలుతుంది. తారీఖు తెలిసిన ఖర్చుకు అప్పు తేవడమంటే ఏటా వచ్చే సంక్రాంతికి ఏటా అప్పు చేయడం లాంటిదే.

ఆపద నిధి వేరు. ల్యాబ్ వాళ్లు రేపటి నుంచి రావద్దంటే, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరితే, మళ్లీ తుపాను వస్తే, దానికి. 2,080 చొప్పున వేస్తే ఐదు నెలల్లోపే పదివేలు అవుతాయి. అందులో మూడు వేలు నోట్ల రూపంలో ఇంట్లో ఉంచండి. మిగతాది ఇప్పుడు వాడే ఖాతాలో వద్దు. పోస్టాఫీసులో 500తో సేవింగ్స్ ఖాతా తెరవండి, దాన్ని ఫోన్‌పేకీ గూగుల్‌పేకీ కలపకండి. టీ తాగి స్కాన్ చేసే ఖాతాలో ఆపద నిధి నిలవదు, ఇది నేను వందసార్లు చూశాను. పదివేలు అయ్యాక 15,000, అంటే ఒక నెల ఇంటి ఖర్చు. ఆ తర్వాత మూడు నెలలది, 45,000. అక్కడికి చేరడానికి రెండేళ్ల లోపే పడుతుంది, షోరూం లోను తీరే ముందే. మధ్యలో చీటీ అయిపోతుంది, దాని డబ్బు చేతికొచ్చినప్పుడు మళ్లీ కొత్త చీటీ అనకుండా ముందు ఈ 45,000 నింపండి. ఫండ్లూ షేర్లూ అంటూ ఎవరైనా వస్తే 45,000 నిండాక రమ్మనండి.

కొత్త సెట్టు వేయించాక చైన్‌ని పదీ పన్నెండు రోజులకోసారి, అంటే 500–600 కిలోమీటర్లకు, కిరోసిన్ గుడ్డతో తుడిచి 90 నంబరు గేర్ ఆయిల్ పట్టించండి. ఇంజిన్‌లోంచి తీసిన నల్లటి పాత ఆయిల్ పోయొద్దు, అందులోని ఇనుపరజను ఉప్పుకాగితంలా పని చేస్తుంది. చైన్ వదులు ఎంత ఉండాలో బండి పుస్తకంలో రాసి ఉంటుంది, మామూలుగా మీలాంటి బళ్లకు రెండు మూడు సెంటీమీటర్లు. మరీ బిగించినా బేరింగులు పోతాయి.

సెట్టు మార్పించిన రోజు మీటరు రీడింగ్ చూసి, దానికి 18,000 కలిపి, ఆ అంకెను పోస్టాఫీసు పాస్‌బుక్ అట్ట లోపల రాసుకోండి. మీటరు ఆ అంకెకు చేరేసరికి బండి డబ్బులో రెండు వేలు ఉన్నాయో లేదో చూసి నాకు మళ్లీ ఉత్తరం రాయండి.