అక్క నీతో కోర్టుకు రావాలి

ప్రశ్న: మేడమ్, నా వయసు 24. న్యూజెర్సీలో ఎం.ఎస్. చదువుతూ అక్కాబావల ఇంట్లో ఉంటున్నాను. ఖాళీ ఉన్నప్పుడల్లా వాళ్ల బాబును చూసుకునేది నేనే. పోయిన నెల అక్క రాసిచ్చిన లిస్టు పట్టుకుని స్టోర్‌కి వెళ్లాను. సెల్ఫ్ చెకౌట్‌లో కొన్నిటికి బిల్లు పడలేదని గుమ్మం దగ్గర ఆపి పోలీసులను పిలిచారు. వాటి విలువ 160 డాలర్లు. షాప్‌లిఫ్టింగ్ కేసు రాసి, మున్సిపల్ కోర్టు తేదీ ఇచ్చారు. నాకు ఆదాయం లేదని కోర్టు పబ్లిక్ డిఫెండర్‌ని ఇచ్చింది. బావేమో ‘ఫ్రీ లాయర్ కూడా ప్రభుత్వం మనిషే, వాళ్లంతా ఒకటే. మొదటి రోజే తప్పు ఒప్పేసుకో, ఏడాదిలో కేసు కొట్టేస్తారు. సాగదీస్తే మా గ్రీన్ కార్డుకు ఎసరు’ అంటున్నారు. అక్క ‘బావ చెప్పినట్టు చెయ్యి’ అని గదిలోకి వెళ్లిపోతోంది. నాన్న పొలం తాకట్టు పెట్టి నన్ను పంపారు. ఆయనకు తెలియకుండా ఇది ఎలా ముగించాలి?
– ఒక చెల్లెలు

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. స్టోర్‌లో ఏం జరిగిందో నువ్వు వివరంగా రాసిన భాగమంతా పైన నీ ఉత్తరంలోంచి నేను తీసేశాను. అది నాకు చెప్పాల్సిన విషయం కాదు. మీ బావకు, స్నేహితులకు, వాట్సాప్‌లో ఎవరికీ చెప్పాల్సింది కాదు. దాన్ని పూర్తిగా, ఏదీ దాచకుండా చెప్పాల్సింది నీ లాయర్‌కి ఒక్కరికే. ఆయనకు చెప్పింది ఆయన దగ్గరే ఉంటుంది, మిగతావాళ్లకు రాసిన ప్రతి మెసేజూ రేపు కోర్టులో నీ మీదికే రావచ్చు. ఇప్పటిదాకా పంపినవి డిలీట్ చేయకు, కొత్తవి రాయకు.

నాన్నగారి సంగతి అడిగావు. ఈ వారం అది ప్రశ్నే కాదు. లాయర్‌తో మాట్లాడి, నీ కేసు ఏమిటో నీకే స్పష్టంగా తెలిశాక నువ్వే ఫోన్ చేసి చెప్తావు. పొలం తాకట్టు పెట్టిన మనిషికి నిజం వినే ఓపిక ఉండదని నువ్వే తీర్మానించేయకు. ఆయనకు ఇది ఊళ్లో వేరెవరి నోటనో తెలియడం మాత్రం తప్పు.

నీ ఉత్తరం చదివాక నన్ను కుదురుగా ఉండనివ్వనిది మీ నాన్న కాదు, మీ అక్క. ఆమె లిస్టు, ఆమె ఇంటికి కావలసిన సరుకులు, ఆమె బిడ్డను ఎత్తుకుని పెంచుతున్న చెల్లెలు. ఆ చెల్లెలి మీద పరాయి దేశంలో క్రిమినల్ కేసు పడితే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటుందా? తల్లి దగ్గర లేనిచోట అక్కే తల్లి. మన ఇళ్లలో ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. మీ బావ భయస్తుడు, ఆయన భయం నాకు అర్థమవుతుంది. కానీ భర్త భయాన్ని చెల్లెలి మెడకు చుట్టే హక్కు మీ అక్కకు లేదు.

పైగా ఆ భయానికి ఆధారమే లేదు. నువ్వు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద నీ సొంత అర్హతతో వచ్చావు. మరదలి మీద ఉన్న షాప్‌లిఫ్టింగ్ కేసు వల్ల బావ గ్రీన్ కార్డు ఆగదు. ఎసరు పెట్టేది ఆయన ఇచ్చిన సలహా, అదీ నీ చదువుకు, నీ ఉద్యోగానికి. ఎలాగో వివరంగా చెప్తాను, ఇది మీ అక్క కూడా చదవాలి.

ఆయన చెప్తున్నది న్యూజెర్సీలో 2014 నుంచి ఉన్న ‘కండిషనల్ డిస్మిసల్’ గురించి అయి ఉంటుంది. మున్సిపల్ కోర్టులో మొదటిసారి చిన్న కేసులో ఇరుక్కున్నవాళ్లు తప్పు ఒప్పుకుంటారు, ఏడాది పాటు పర్యవేక్షణలో ఉంటారు, మళ్లీ ఏ గొడవా లేకపోతే కేసు కొట్టేస్తారు. అక్కడ పుట్టిన పౌరుడికి మంచి అవకాశమే. నీకు ఇది ఉచ్చు. అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టం ప్రకారం ఒకసారి కోర్టులో తప్పు ఒప్పుకుని, దాని మీద కోర్టు ఏదో ఒక షరతు విధిస్తే చాలు, తర్వాత కొట్టేసినా సరే, నేరం రుజువైనట్టే లెక్క. దొంగతనం వాళ్ల దృష్టిలో నీతి తప్పిన నేరాల జాబితాలోది. రేపు వీసా స్టాంపింగ్‌కు వెళ్లినా, ఉద్యోగ వీసా హెచ్-1బీకి దరఖాస్తు చేసినా అది బయటికి వస్తుంది. వీసా ఫారం డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టు అయ్యారా అనే ప్రశ్నే ఉంటుంది, కేసు పోయిందా లేదా అన్నది తర్వాతి మాట. ఒక్క చిన్న కేసుకు అందరినీ తిప్పి పంపేస్తారని కాదు, చట్టంలో మినహాయింపులు ఉన్నాయి. అవి నీకు పనికొస్తాయో లేదో చూడకుండా మొదటి రోజే తల ఊపేయకూడదంటున్నాను.

ఇక ఆ ‘ఫ్రీ లాయర్’ మాట. అది వింటే నాకు కోపం వస్తుంది. ఫ్లోరిడాలో క్లారెన్స్ గిడియన్ అనే పేదవాడు లాయర్‌ని పెట్టుకోలేక తన కేసు తానే వాదించుకుని జైలుకు వెళ్లాడు. జైల్లో కూర్చుని పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకు అర్జీ రాశాడు. డబ్బు లేనివాడికి ప్రభుత్వమే లాయర్‌ని ఇవ్వాలని 1963లో ఆ కోర్టు తేల్చింది. లాయర్‌తో మళ్లీ విచారణ జరిగితే జ్యూరీ అతను నిర్దోషి అంది. నీకు దొరికింది అలా సాధించుకున్న హక్కు, అందులో దానం లేదు, చిన్నతనం లేదు. జీతం ఊరిదైనా ఆ లాయర్ పనిచేసేది నీ కోసం. మీ బావకు కాదు, పోలీసులకూ కాదు. న్యూజెర్సీ మున్సిపల్ కోర్టుల్లో ఈ లాయర్ కోసం దరఖాస్తు రుసుము 200 డాలర్ల దాకా అడగవచ్చు, కట్టలేనివాళ్లు మినహాయింపు కోరవచ్చు.

ఇబ్బంది మరోచోట ఉంది. వాళ్ల చేతిలో కేసులు ఎక్కువ, కోర్టు రోజున వరండాలో కాసేపు మాట్లాడి లోపలికి తీసుకెళ్లే ప్రమాదం ఉంది. అందుకే ఆ రోజు వరకూ ఆగకు. ఇవాళే ఆఫీసుకు ఫోన్ చేసి, ఈమెయిల్ కూడా పంపు. ‘నేను ఎఫ్-1 విద్యార్థిని, ఈ కేసులో నేను ఏది ఒప్పుకుంటే నా ఇమ్మిగ్రేషన్ మీద ఏ ప్రభావం ఉంటుందో చెప్పండి’ అని రాతపూర్వకంగా అడుగు. పౌరులు కాని క్లయింట్లకు ఇది చెప్పాల్సిన బాధ్యత డిఫెన్స్ లాయర్‌దేనని 2010లో పడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. స్టోర్ వీడియో, పోలీసు రిపోర్టు తెప్పించమను. అవి చూడటానికి టైం కావాలంటే వాయిదా అడగమను. ఆరోపణను దొంగతనం కాని చిన్న ఉల్లంఘనగా మార్చే వీలుందేమో కనుక్కో. అప్పు చేయాలనిపిస్తే ఇంకో క్రిమినల్ లాయర్ కోసం చేయకు. ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఒకసారి ఫీజు కట్టి, ఆయన్నీ నీ పబ్లిక్ డిఫెండర్‌నీ మాట్లాడుకోమను. డబ్బు కట్టమని స్టోర్ నుంచి ఉత్తరం వస్తే నీ లాయర్‌కి చూపించకుండా కట్టకు. యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు వెళ్లేముందు కూడా ఆయన్నే అడుగు. కేసు తేలేదాకా ఇండియా ప్రయాణం పెట్టుకోకు. కోర్టు తేదీ మాత్రం ఒక్కటి కూడా తప్పకూడదు, తప్పితే వారెంట్ వస్తుంది.

ఇప్పుడు మీ అక్క. బావ ఆఫీసుకు వెళ్లిన వేళ చూసుకుని కూర్చోబెట్టి మాట్లాడు. ఏడవకు, నిష్ఠూరాలు వద్దు. ‘అక్కా, ఫలానా తేదీన నాకు కోర్టు. నువ్వు నాతో రావాలి, వెనక బెంచీ మీద కూర్చుంటే చాలు’ అను. ఆమె నీ తరఫున మాట్లాడనక్కర్లేదు, డబ్బు ఇవ్వనక్కర్లేదు. నీకు ఒక మనిషి ఉందని నీకు తెలియాలి, తన చెల్లెలికి తాను ఏమవుతుందో ఆమెకు గుర్తు రావాలి. వస్తే మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు.

రాదనుకో. అప్పుడు ఆ ఇంట్లో నీ చోటు ఏమిటో నీకు తెలిసినట్టే. అద్దె మిగులుతుందని ఇన్నాళ్లూ వాళ్ల ఇంటికి జీతం లేని మనిషివై పనిచేశావు, ఆ లెక్క అక్కడితో చాలు. బాబు మీద ప్రేమ ఉంటే వెళ్లి చూసి రా. క్లాస్‌మేట్లు కలిసి తీసుకున్న ఇల్లు ఏదైనా చూసుకుని మారిపో. మారితే కొత్త అడ్రస్ ముందు కోర్టుకూ నీ లాయర్‌కూ ఇవ్వు, నోటీసులు పాత ఇంటికి వెళ్తే నీ చేతికి అందుతాయన్న నమ్మకం లేదు. ఎఫ్-1 నిబంధన ప్రకారం యూనివర్సిటీకి కూడా 10 రోజుల్లోపే తెలియజేయాలి.