బీకాం మానేసి ప్రేమ నవలలు రాస్తుందట!

ప్రశ్న: మాది జడ్చర్ల. మా అమ్మాయి పాలమూరుల బీకాం రెండో సంవత్సరం. ఏడాది నుంచి ఫోన్‌ల ప్రేమ నవలలు రాస్తుంది. యాప్‌ల పెడితే చదివేటోళ్లు కూడా మస్తుమంది ఉన్నరు. ఇప్పుడు చదువు బంద్ చేసి, హైదరాబాద్‌ల రూమ్ తీసుకొని రాస్తనంటుంది. ఇక్కడ మూడ్ రాదట, ఇన్‌స్పిరేషన్ దొరకదట. కాదంటే అలుగుతుంది. ఏం చేయమంటరు?

జవాబు: ఎవరూ అడగకుండానే ఏడాదిపాటు రాసిందంటే అది సరదా కాదు, నిజంగానే ఇష్టం ఉంది. రాయనివ్వండి. డిగ్రీ మాత్రం ఆపనివ్వకండి. హైదరాబాద్ రూమ్ ఇప్పుడు అక్కర్లేదు.

మూడ్ సంగతి. అమెరికాలో నోరా రాబర్ట్స్ అని ప్రేమ నవలల రచయిత్రి ఉన్నారు. 1979 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చి, ఇద్దరు చిన్న పిల్లలతో ఇంట్లో చిక్కుకుపోయినప్పుడు నోట్‌బుక్ తీసి కథ మొదలుపెట్టారు. మొదటి నవల అచ్చయింది 1981లో. ఇప్పటికి రెండు వందలు దాటాయి. మూడ్ కోసం కూర్చోరు, ఉద్యోగంలాగా రోజూ గంటల తరబడి రాస్తారు. బ్రిటన్‌లో బార్బరా కార్ట్‌లాండ్ అయితే సోఫా మీద పడుకుని చెబుతుంటే సెక్రటరీ రాసుకునేది. అలా ఏడు వందలకు పైగా నవలలు! మీ ఇంట్లో సెక్రటరీ ఉండదు గానీ, పొద్దున కాలేజీ బస్సుకు ముందు ఒక గంట దొరుకుతుంది. రోజుకు 500 పదాలు రాస్తే వంద రోజుల్లో 50 వేలు, అంటే ఒక నవల. అర్ధరాత్రి దాకా ఫోన్ పట్టుకునే పనే లేదు. పరీక్షలున్న నెలలో ఆపేసినా నష్టం లేదు.

ఇన్‌స్పిరేషన్ దొరకదన్న మాట నేను ఒప్పుకోను. ప్రేమకథకు కావలసింది ఇద్దరి మధ్య గట్టి అడ్డంకి. పాలమూరులో అడ్డంకులకు కరువా? పెండ్లయిన కొత్తల్లోనే మొగుడు మేస్త్రీ పనికి బొంబాయి బస్సెక్కుతాడు. కురుమూర్తి జాతరకు వస్తానన్నవాడు ఉద్దాల (స్వామి పాదుకల ఉత్సవం) రోజు దాకా రాడు. నారాయణపేటలో చీర నేసే ఇంటి పిల్ల, ఆ చీర కొనడానికి వచ్చిన ఇంటి పిల్లగాడు. కులం, కట్నం, పంచుకోని భూమి ఉండనే ఉన్నాయి. కంపెనీ యజమాని హీరో, పొగరుబోతు హీరోయిన్ కథలు యాప్‌లలో కుప్పలుగా ఉన్నాయి, ఇంకొకటి రాసినా ఎవరికీ గుర్తుండదు. బస్టాండ్‌లో విన్న మాటలు, అమ్మమ్మ తన పెండ్లి గురించి చెప్పినవి నోట్‌బుక్‌లో రాసుకోమనండి. మీ ఇద్దరి పెండ్లి ఎట్లయిందో మీరే చెప్పండి, అలక కూడా తగ్గుతుంది.

ఇక డబ్బు. యద్దనపూడి సులోచనారాణి వంటివారి కాలంలో, 1960, 70లలో, వారపత్రికల సీరియల్ ఒక్కటే రచయిత్రిని ఇంటింటికీ చేర్చేది, వాటి నుంచి సినిమాలు వచ్చేవి. ఆ పత్రికలు చాలావరకు మూతపడ్డాయి. ఇప్పుడు తెలుగు నవల అచ్చువేస్తే మామూలుగా ఐదువందలో వెయ్యో కాపీలు. యాప్‌లు, ఆడియో కథలు, టీవీ సీరియళ్ల డైలాగులతో కొంత ఆదాయం ఉంది గానీ నెలనెలా వస్తుందని నమ్మి ఇల్లు నడపలేం. అందుకే డిగ్రీ. తర్వాత ఈ దారిలోనే చదవాలనుకుంటే, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో ఉంది, జర్నలిజం పీజీకి పోవచ్చు. హైదరాబాద్ అప్పుడు పంపండి.

మీరు ఇప్పుడే చేయాల్సిన పని వేరే ఉంది. ఏ యాప్‌తోనైనా, పబ్లిషర్‌తోనైనా ఆమె దేనికి ఒప్పుకుందో కూర్చుని చదవండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన మీద హక్కు మొదట రాసినవాళ్లదే, వాళ్ల తర్వాత కూడా 60 ఏళ్లు ఉంటుంది. దాన్ని ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లుగా లెక్క. ‘సర్వహక్కులు, శాశ్వతంగా’ అని ఉంటే సంతకం పెట్టనివ్వకండి. సినిమా, ఆడియో, అనువాద హక్కులు కావాలంటే వాళ్లు విడివిడిగా అడగాలి. కలం పేరు ఏదైనా పెట్టుకోవచ్చు, ఒప్పందంలో, బ్యాంకు ఖాతాలో మాత్రం అసలు పేరే ఉండాలి. బీకాంలో బిజినెస్ లా పేపర్ వస్తుంది, ఒప్పందాల చట్టం అందులోనే ఉంటుంది. ఆ పేపర్ మాత్రం శ్రద్ధగా చదవమనండి.