పాఠకుల ప్రశ్నలు – జవాబులు: లద్దాఖ్ ధూపం చెట్టు

ప్రశ్న: వేసవిలో కుటుంబంతో లద్దాఖ్ వెళ్లినప్పుడు మేము బస చేసిన ఇంటి పెద్దావిడ రోజూ పొద్దున్నే నిప్పుల మీద ఎండు రెమ్మలు వేసి ఇల్లంతా ధూపం పట్టేవారు. అది ‘షుక్పా’ అని ఆవిడ చెప్పారు. మా డ్రైవరు మాత్రం దేవదారు అన్నాడు. ఆయుర్వేద దుకాణాల్లో దొరికే దేవదారు ఇదేనా? ఆవిడ ఇచ్చిన రెమ్మ ఒకటి మా పూజగదిలో ఉంది. ఈ మొక్కను తెప్పించి అరకులోని మా తోటలో పెంచవచ్చునా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: రెండూ వేరు. దేవదారు పైన్ కుటుంబానికి చెందినది. కులూ, సిమ్లా, కశ్మీర్ కొండల్లో, వానలూ మంచూ బాగా పడే వాలుల మీద ఆకాశమంత ఎత్తున పెరుగుతుంది. మీరు చూసిన షుక్పా జూనిపర్ జాతి. అది సైప్రస్ కుటుంబం, అంటే మన ఇళ్ల ముందు పెంచుకునే తూజాకు బంధువు. రెండింటి కలపా సువాసన గలదే, రెండూ దేవతలకు సంబంధించినవే కావడం వల్ల ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. మన పొడి అడవుల్లోని మరో చిన్న చెట్టును కూడా కొన్నిచోట్ల దేవదారు అని పిలవడం వల్ల తికమక ఇంకా పెరిగింది.

మీ దగ్గరున్న రెమ్మను వెలుతురులో పెట్టి చూడండి. ముదిరిన కొమ్మ మీద ఆకులు సూదుల్లా ఉండవు. చేప పొలుసుల్లా ఒకదానిపై ఒకటి పరుచుకుని, సన్నగా అల్లిన జడలా కనిపిస్తాయి. లేత మొక్కల మీద మాత్రం ఇదే చెట్టుకు గుచ్చుకునే సూదిమొన ఆకులు ఉంటాయి. రెమ్మకు కాయ అంటుకుని ఉంటే బొటనవేలితో తుడవండి: పైనున్న తెల్లని మైనపు పూత పోయి, అడుగున నీలి నలుపు తేలుతుంది. చూడటానికి పండులా ఉన్నా అది నిజానికి పండు కాదు. పైన్ చెట్టు కాయలో విడివిడిగా, చెక్కలా ఉండే పొలుసులే ఇక్కడ కండపట్టి, ఒకదానితో ఒకటి అతుక్కుపోయి గుండ్రని కాయ అయ్యాయి.

లద్దాఖ్‌లో చెట్టుగా ఎదిగే షుక్పాలో ముఖ్యమైనవి జూనిపెరస్ పాలికార్పోస్, జూనిపెరస్ సెమిగ్లోబోసా. లేహ్‌కు పడమరగా, షామ్ ప్రాంతంలో, సుమారు 3,600 మీటర్ల ఎత్తున ‘హెమిస్ షుక్పాచన్’ అనే ఊరుంది. షుక్పాచన్ అంటే షుక్పా చెట్లు గలది అని అర్థం. (పేరున్న హెమిస్ మఠం లేహ్‌కు ఆగ్నేయంగా ఉంది, యాత్రికులు ఈ రెండింటినీ ఒకటిగా పొరబడుతుంటారు.) చుట్టూ గడ్డిపరక కూడా కరువైన కొండల నడుమ, ఆ ఊరివాళ్లు తమ దేవతకు చెందినవని కాపాడుకున్నందువల్లనే అక్కడ పాత చెట్ల తోపు మిగిలింది. గ్రామదేవత నెలవైన ‘లాథో’ అనే రాతి గుడి మీద నిలబెట్టేదీ ఈ కొమ్మలనే. వారి కొత్త సంవత్సరమైన లోసర్ పండుగకు పాతవి తీసి కొత్తవి పెడతారు. మన ఊళ్లలో పోలేరమ్మకు వేపమండలు ఎలాగో, వారికి షుక్పా అలాగని అనుకుంటే ఆ పెద్దావిడ మీకు రెమ్మ ఇవ్వడంలోని ఆదరం తెలుస్తుంది.

ఇక అరకు సంగతి. మీ కోరిక నాకు అర్థమైంది, కాని వద్దనే చెబుతాను. అరకు వెయ్యి మీటర్లకు కాస్త అటూ ఇటుగా ఉండి, నెలల తరబడి తడిసే చోటు. లేహ్‌లో ఏడాది పొడుగునా కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లే. గడ్డకట్టే చలికాలానికీ, నీరు నిలవని రాతినేలకూ అలవాటుపడిన వేరు మన వానలకు కుళ్లిపోతుంది. దాని సొంత గడ్డ మీదనే విత్తనం మొలవడం కష్టం: చాలా గింజలు లోపల తాలుగా ఉంటాయి, మంచి గింజ కూడా గట్టి పెంకు వల్ల, లోపలి నిద్ర వీడకపోవడం వల్ల ఒకటి రెండు చలికాలాలు నేలలోనే పడి ఉంటుంది. కాయలు తిన్న పక్షులు గింజలను దూరంగా రాళ్ల సందుల్లో విడిచిపెడితే, వాటిలో ఏ కొన్నో మొలకెత్తుతాయి. మొలిచిన పిలకను మేకలూ గొర్రెలూ వదలవు. అందువల్ల ఒక్క కొమ్మ నరికినా ఆ లోటు తీరడానికి ఒక మనిషి జీవితకాలం చాలకపోవచ్చు. సంతలో ధూపం కోసమని ఎవరైనా పచ్చి కొమ్మల కట్టలు అమ్మజూపితే దయచేసి కొనకండి. మీ పూజగదిలోని రెమ్మను మాత్రం నిశ్చింతగా ఉంచుకోండి. ఎండిన చాలా రోజుల తర్వాత కూడా నలిపితే వాసన వస్తుంది.

ప్రశ్న: హిమాలయాల్లో వెయ్యేళ్ల జూనిపర్ చెట్లున్నాయని విన్నాను. నరకకుండా వయసు ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నరకనక్కరలేదు. లోపల బోలుగా ఉండే సన్నని బర్మాను కాండంలోకి తిప్పి, పెన్సిలు కంటే సన్నని కలప పుల్లను బయటికి లాగుతారు. దాని మీద ఏడాదికొక గీత చొప్పున వలయాలు కనిపిస్తాయి. చలి, కరువు ఉన్న చోట పెరిగిన జూనిపర్‌లో ఈ గీతలు ఎంత దగ్గరగా ఉంటాయంటే భూతద్దం లేకుండా లెక్కపెట్టడం సాధ్యం కాదు. కొన్ని సంవత్సరాలకు గీతే పడదు కాబట్టి చాలా చెట్ల పుల్లలను పక్కపక్కన పెట్టి సరిచూడాలి. కారకోరం పర్వతాల్లో వెయ్యేళ్లు దాటిన చెట్లను ఇలాగే గుర్తించారు. ఉత్తర పాకిస్తాన్‌లోని జూనిపర్ వలయాల్లో, ఏ ఏడాది ఎంత తడి ఉందో తెలిపే ఆక్సిజన్ రకాలను (ఐసోటోపులను) కొలిచి 2006లో ప్రచురించిన పరిశోధన, గడిచిన వెయ్యేళ్లలో ఆ ప్రాంతానికి అన్నిటికంటే తడి శతాబ్దం ఇరవయ్యోదేనని తేల్చింది. ఆగ్నేయ టిబెట్‌లో 4,900 మీటర్ల ఎత్తున, ఉత్తరార్ధగోళంలో చెట్లు పెరిగే అన్నిటికంటే ఎత్తైన హద్దుగా నిలిచినదీ జూనిపరే. దాని పేరు జూనిపెరస్ టిబెటికా.