జాజ్ సాక్సోఫోన్ వాయించేవాడికి ఎంతొస్తుందని కాదండీ, ఎక్కడ సాధన చేస్తాడని అడగండి

ప్రశ్న: జాజ్ సాక్సోఫోన్ కళాకారుల జీవితం, కెరీర్, సంపాదన ఎలా ఉంటాయి? అమెరికన్ జాజ్ సాక్సోఫోన్ కళాకారుడు సన్నీ రాలిన్స్ అంత పేరొచ్చాక రెండేళ్ళు వాయించడం ఎందుకు మానేశాడు?

మానేయలేదండీ. స్టేజీ ఎక్కడం మానేశాడు, రికార్డింగులు మానేశాడు, వాయించడం మాత్రం రోజుకి పదిహేను పదహారు గంటలు వాయించాడు, అది మానేయడం ఎలా అవుతుంది చెప్పండి.

ఈయన గురించి చెప్పడానికి నాకేం అర్హత అంటే, ముప్ఫై ఆరేళ్ళ వయసులో ఎవరి మాటా వినకుండా సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఆల్టో సాక్సోఫోన్ కొని, హైదరాబాద్‌లో టూ బీహెచ్‌కే ఫ్లాట్‌లో ఊదడం మొదలుపెట్టినవాణ్ణి. మొదటి నెల దాన్లోంచి వచ్చేది సంగీతం కాదు, తల్లి కోసం అరిచే గేదె దూడ. చప్పుడు తగ్గుతుందని ముందు గొట్టంలో తువ్వాలు కుక్కాను. తర్వాత తెలిసిందేంటంటే సాక్సోఫోన్ శబ్దం ఆ పెద్ద నోట్లోంచి ఒక్కటే రాదు, పైనించి కిందదాకా తెరిచి ఉన్న ప్రతి కన్నంలోంచీ వస్తుంది, తువ్వాలు పెడితే కింది స్వరాలు పాడవడం తప్ప ఒరిగేదేం లేదు. చివరికి బీరువా తలుపు తీసి, మా ఆవిడ చీరల మధ్య మొహం పెట్టి వాయించేవాణ్ణి. అయినా నాలుగో రోజుకి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్, "ఫలానా ఫ్లోర్‌లో ఎవరో ఏదో చేస్తున్నారు, పిల్లలకి పరీక్షలు" అని. ఇదే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వినాయక చవితికి డీజే పెట్టి కిటికీ అద్దాలు ఊగేదాకా వాయిస్తే మాత్రం అది భక్తి!

సరే, రాలిన్స్ దగ్గరికొద్దాం. 1930లో న్యూయార్క్‌లో పుట్టాడు, పెరిగింది హార్లెంలో, అమ్మానాన్నలది వర్జిన్ ఐలాండ్స్. తనకంటే ముందు తరం సాక్సోఫోన్ కళాకారుడు కోల్‌మన్ హాకిన్స్ అంటే పిచ్చి అభిమానం. ఇరవై ఏళ్ళు వచ్చేసరికే పెద్దవాళ్ళ పక్కన వాయిస్తున్నాడు, ఆ వయసుకే హెరాయిన్ కూడా పట్టుకుంది, దోపిడీ కేసులో రైకర్స్ ఐలాండ్ జైలుకి కూడా వెళ్ళొచ్చాడు. 1955లో తనే వెళ్ళి కెంటకీలోని లెక్సింగ్టన్ ఆసుపత్రిలో చేరి ఆ అలవాటు వదిలించుకున్నాడు. బయటికొచ్చాక వెంటనే క్లబ్బులకి వెళ్తే మళ్ళీ అదే గుంపు, అదే గొడవ అని షికాగోలో కొన్నాళ్ళు ఊడ్చే పని చేశాడు. నాకైతే ఆయన రికార్డులన్నిటికంటే ఈ చీపురు ముక్కే ఎక్కువ నచ్చుతుంది. మన దగ్గర రెండు రియాలిటీ షోలు చేసినవాడు సూపర్‌మార్కెట్‌లో క్యూలో కూడా నిలబడడు.

ఆ తర్వాత డ్రమ్మర్ మ్యాక్స్ రోచ్, ట్రంపెట్ వాయించే క్లిఫర్డ్ బ్రౌన్‌ల బృందంలో చేరాడు. 1956 జూన్‌లో క్లిఫర్డ్ బ్రౌన్ కారు ప్రమాదంలో పోయాడు, అప్పటికి ఆయనకి పాతికేళ్ళు. అదే నెలలో, ఆ ప్రమాదానికి కొద్ది రోజుల ముందే, రాలిన్స్ 'సాక్సోఫోన్ కొలోసస్' అనే ఆల్బమ్ రికార్డు చేశాడు. దాంతో ఇంక తిరుగులేదు. పియానో లేకుండా ఒక బేస్, ఒక డ్రమ్స్ పెట్టుకుని మొత్తం బరువు తనే మోస్తూ రికార్డులు చేశాడు. 1959 ఎండాకాలం వచ్చేసరికి ఇరవై తొమ్మిది కూడా నిండలేదు, పత్రికలన్నీ ఆకాశానికెత్తుతున్నాయి. అప్పుడు ఆపేశాడు. జనం అనుకున్నంత బాగా నేను వాయించట్లేదు, ఆ తేడా నాకు తెలుస్తోంది, అది ఆయన కారణం.

ఇప్పుడు అందరూ పద్యంలా చెప్పే బ్రిడ్జి కథ, ఆ రెండేళ్ళూ ఆయన సాధన చేసింది ఒక బ్రిడ్జి మీద. అది ఆయన కవిత్వం కోసం ఎక్కలేదండీ. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో గ్రాండ్ స్ట్రీట్ మీద ఇల్లు, పక్కింట్లో ఒకావిడ కడుపుతో ఉంది, ఈయన టెనర్ సాక్సోఫోన్ (నా ఆల్టో కంటే పెద్దది, గొంతు బరువు) తీసి ఊదితే ఆవిడ గతేంటి అని మొహమాటం. ఒకరోజు నడుస్తూ నడుస్తూ విలియమ్స్‌బర్గ్ బ్రిడ్జి మెట్లు కనపడ్డాయి, పైకెక్కాడు, ఎవరూ లేరు. అంతే, రెండేళ్ళు. చలికాలం కూడా. కింద నదిలో పడవలు హార్న్ కొడితే తను కూడా తిరిగి ఊదేవాణ్ణని ఆయనే చెప్పుకున్నాడు. ఇంట్లో ఆయన స్నేహితురాలు లూసిల్ ఉద్యోగం చేసేది, తర్వాత ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. ఇలాంటి కథల్లో జీతం తెచ్చినవాళ్ళ పేరు ఎవరూ చెప్పరు, అందుకే చెప్తున్నా.

రెండేళ్ళ కింద ఆఫీసు పని మీద న్యూజెర్సీ పంపిస్తే నేనూ ఆ బ్రిడ్జి ఎక్కాను. ఆదివారం, మా కొలీగ్స్ అంతా అవుట్‌లెట్ మాల్‌కి పోయారు. నేను డెలాన్సీ స్ట్రీట్‌లో దిగి నడిచాను. నడిచే దారికి అటూ ఇటూ గులాబీ రంగు ఇనప కమ్మీలు, వాటి మీద రంగుల్తో ఎవరెవరివో పిచ్చిరాతలు, కింద కార్లు, నడుమ మన పక్కనుంచే రైలు. సాక్సోఫోన్ తీసుకెళ్ళలేదు కానీ జేబులో మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకుని ఊదే ముక్క), దానికి బిగించే ఒక రీడ్, అంటే ఊదితే అదిరే పల్చటి బద్ద, ఉన్నాయి. రీడ్ నోట్లో పెట్టుకుని తడిపి, బిగించి, అటూ ఇటూ చూసి ఊదాను. ఒట్టి మౌత్‌పీస్ ఊదితే బాతు గొంతు నులిమినట్టు వస్తుంది, సిగ్గేసింది. ఇంతలో రైలొచ్చింది. మళ్ళీ ఊదాను, ఈసారి గట్టిగా, బుగ్గలు నొప్పి పుట్టేదాకా. నాకే వినపడలేదు! పెదవి కింద రీడ్ అదురుతోందని తెలుస్తోంది, శబ్దం మాత్రం సున్నా. సైకిల్ మీద పోయేవాడు కూడా తల తిప్పలేదు.

అప్పుడు అర్థమైంది ఆయన ఆ బ్రిడ్జి మీద ఎందుకుండిపోయాడో. అక్కడ ఎంత చెత్తగా వాయించినా ఎవరికీ అక్కర్లేదు. క్లబ్బులో టికెట్ కొన్నవాడి ముందు కొత్తది ప్రయత్నించి తప్పు చేయలేవు, ఇంట్లో పక్కింటివాళ్ళు. నన్నడిగితే ఆయన కెరీర్‌లో అసలు పని జరిగింది అక్కడే, మిగతావన్నీ దాని రసీదులు. ఎవరైనా కాదంటే కామెంట్లో కొట్లాడుకుందాం.

1961 చివర్లో తిరిగొచ్చాడు, మరుసటేడు గిటారిస్ట్ జిమ్ హాల్‌తో రికార్డు చేసి దానికి 'ది బ్రిడ్జ్' అనే పేరు పెట్టాడు. కొంతమంది విమర్శకులు పెదవి విరిచారు, రెండేళ్ళు పోయి కొత్తగా ఏం తెచ్చాడు అని. కొండ మీంచి దిగేవాడు బైబిల్లో మోషేలా చేతిలో ఏదో పలక పట్టుకునే దిగాలా ఏంటి?

ఇంకోసారి కూడా మాయమయ్యాడు, ఆ రోజుల్లో మన దేశం కూడా వచ్చాడు, బొంబాయి పోవైలో ఆశ్రమంలో యోగా, వేదాంతం చదువుకున్నాడు. ఇది మన చానెళ్ళకి ఇంకా తెలిసినట్టు లేదు, తెలిస్తే థంబ్‌నెయిల్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. 2001 సెప్టెంబర్ 11న ఆయన ఇల్లు ట్రేడ్ సెంటర్‌కి కొన్ని వీధుల దూరంలోనే, ఖాళీ చేయించినప్పుడు సాక్సోఫోన్ పట్టుకుని దిగాడు, నాలుగు రోజులకి బోస్టన్‌లో కచేరీ చేశాడు, అప్పటికి డెబ్బై ఒకటి. చివరికి ఊపిరితిత్తుల జబ్బుతో 2012 తర్వాత స్టేజీ మీద వాయించలేదు. ఊపిరే పెట్టుబడి అయిన పనిలో ఎంత అన్యాయమో చూడండి.

డబ్బుల గురించి అడిగారు కదా, అది ఇంకెవరైనా చెప్తారు. నేనిప్పుడు పొద్దున్నే సెల్లార్‌లో కారు అద్దాలన్నీ ఎక్కించి వెనక సీట్లో వాయిస్తున్నా, గొట్టం ముందు సీటుకి తగలకుండా ఒక పక్కకి వంగాలి. వాచ్‌మన్ రోజూ వచ్చి అద్దం మీద కొట్టి "సార్, బండి హార్న్ ఏమన్నా స్ట్రక్కయిందా" అంటాడు.