కాపు కాయడం, చలి కాచుకోవడం

సందేహం: మా అబ్బాయికి క్రోన్స్ వ్యాధి, అంటే పేగుల జబ్బు. ఆసుపత్రిలో ఇచ్చిన కరపత్రంలో 'రోగనిరోధక కణములు పొరపాటున ప్రేగుపై దాడి సలుపును' అని ఉంది. మా అత్తగారికి అది అర్థం కాకపోతే 'పేగును కాపు కాసే కణాలే, కంచే చేను మేసినట్టు, పేగును తినేస్తున్నాయి' అని చెప్పాను. నాతో పనిచేసిన తెలుగు మాస్టారు విని, 'కాసేది మామిడిచెట్టు, కణాలు కాదు. నిరోధక కణాలు అనాల్సిందే' అన్నారు. ఎవరిది ఒప్పు? సామెత సరిపోయిందా? పేగా, ప్రేగా? (ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, బ్రాడీపేట, గుంటూరు)

సమాధానం: అమ్మా, మాస్టారిని ఒక్క మాట అడగండి. గొర్రెల కాపరి ఏ కాయలు కాస్తాడట?

కాచు, కాయు అని రెండు రూపాల్లో తిరిగే ఈ క్రియకు తెలుగులో తీరికన్నది లేదు. చెట్టు కాస్తుంది. ఎండ కాస్తుంది, వెన్నెల కాస్తుంది. గేదెలను కాస్తాం, పాలు కాస్తాం. దెబ్బ కాచుకుంటాం, చలి కాచుకుంటాం. పుట్టుకలో ఇవన్నీ ఒకటి కావు. తమిళంలో కాప్పు అంటే రక్షణ, కాయ్‌చ్చల్ అంటే జ్వరం. అక్కడ దేని దారి దానిదే. తెలుగులోనూ కాస్త తవ్వితే వేర్లు విడిగానే కనిపిస్తాయి. కావలి, కాపరి, కాపాడు ఒక ఇంటివి. కాక, కాగు, బెణికినచోట పెట్టే కాపడం ఇంకో ఇంటివి. 'కాచు' అనే వీధి మలుపులో రెండిళ్లవాళ్లూ కలిసిపోయారు, అంతే. పండ్ల కాపు మూడో ఇల్లు. దాని జోలికి ఇప్పుడు పోను.

కాపాడడమనే అర్థంలో ఈ క్రియ నిండు వైభవం చూడాలంటే పోతన దగ్గరికే పోవాలి. గజేంద్రమోక్షంలో ఏనుగు బలమంతా ఉడిగి, ప్రాణాలు ఠావులు తప్పి, చివరికి పిలిచిన పిలుపు: 'రావే యీశ్వర! కావవే వరద! సంరక్షింపు భద్రాత్మకా!' 'కావవే' బదులు 'కాచవే' అన్నా గణం చెడదు. కానీ 'రావే' పక్కన 'కావవే' మోగినట్టు అది మోగదు. ఇంకో సంగతి చూడండి. ఒకే పాదంలో తెలుగు మాట కావవే, సంస్కృతపు సంరక్షింపు రెండూ ఉన్నాయి. 'రా'కు 'ర' యతి కుదరాలి కాబట్టి సంరక్షింపు వచ్చిందని మాస్టారు అనవచ్చు. అననివ్వండి. ప్రాణం మీదికొచ్చిన ఏనుగు నోట ముందు వచ్చింది తెలుగు మాటే కదా! ఆ మాటతో దేవుణ్ణి పిలవగా లేనిది, కణాన్ని పిలిస్తే తప్పవుతుందా?

'నిరోధకం' అంటే అడ్డగించేది. వ్యాకరణం ప్రకారం దోషం లేదు. మా తరం వాళ్లకు ఆ మాట వినగానే సర్కారువారి కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం గుర్తొస్తుంది, అది వేరే కథ. ఇక 'దాడి సలుపును' అని రాసినవారు ఇంట్లో ఎవరితోనైనా అలా మాట్లాడతారా? రోగి చేతికి ఇచ్చే కాగితం శాసనంలా ఉండనక్కర్లేదు.

సామెత దగ్గర మాత్రం మీతో పూర్తిగా ఏకీభవించలేను. కంచే చేను మేయడమంటే నమ్మి అప్పగించిన సొమ్మును తినేయడం. అందులో మోసం ఉంది. మా తమ్ముడి కూతురు గుంటూరులోనే పేగుల డాక్టరు. దాన్ని అడిగితే, 'పెదనాన్నా, ఆ కణాలకు పేగు మీద పగ లేదు. వాటి గురి ఎక్కువగా పేగులో ఉండే బ్యాక్టీరియా మీద' అంది.

మీ ఊళ్లో మిరప కల్లాలు మీకు కొత్తకాదు. ఎండుమిర్చికి రాత్రిపూట కాపు కాసేవాడు నాలుగు పుల్లలు పోగేసి చలి కాచుకుంటాడు. ఒకే మనిషి, ఒకే రాత్రి, రెండు కాచులూ! తెల్లారి ఆ మంట ఆర్పకపోతే కల్లం అంటుకుంటుంది. పేగులో జరిగేది దాదాపు ఇదే. మామూలు రోజుల్లో పేగు గోడలో ఉండే మాక్రోఫేజ్ కణాలు లోపలికి జొరబడ్డ బ్యాక్టీరియాను గొడవ చేయకుండా మింగేస్తాయి. జబ్బులో రక్తం నుంచి కొత్త కావలివాళ్లు గుంపులుగా దిగుతారు. వాళ్లు టీఎన్‌ఎఫ్ లాంటి రసాయనాలు వదిలి కేకలు పెడతారు. న్యూట్రోఫిల్ కణాలు పరుగున వస్తాయి, టీ కణాలు తోడవుతాయి, ఇవీ కాపు కాసేవే. టీ కణాల్లోనే మంట ఆర్పే రకం కూడా ఉంది, కానీ దాని నీళ్లు చాలవు. రాజుకున్న మంట రాజుకున్నట్టే ఉంటుంది, కాలేది పేగు గోడ. మందులు కూడా ఈ లెక్కలోనే పనిచేస్తాయి. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఆ టీఎన్‌ఎఫ్ నోరు నొక్కుతుంది. 2014లో వచ్చిన వెడోలిజుమాబ్ కొత్త కావలివాళ్లను పేగు పొలిమేరలోనే ఆపుతుంది.

అందుకే దీన్ని 'పేగు వాపు' అనడం కూడా నాకు నచ్చదు. వాపు ఒక లక్షణమే. ఎరుపు, వేడి, నొప్పి కూడా దాని తోడబుట్టినవే. ఇంగ్లీషులో దీన్ని ఇన్‌ఫ్లమేషన్ అంటారు, ఆ మాటలోనే మంట ఉంది. 'శోథ' అంటే గొప్పగా ఉంటుందని కొందరు వాడతారు, దానికీ అర్థం వాపే. 'పేగు మంట' అంటే జనం ఎసిడిటీ అనుకుంటారని మా డాక్టరమ్మ అభ్యంతరం. అదీ నిజమే, కాబట్టి ఇక్కడ నేను పట్టుబట్టను.

పట్టుబట్టేది ఒక్కచోట. 'ఇమ్యూనిటీ పెంచుకోండి' అని ప్రతి కషాయం సీసా మీదా రాస్తున్నారు. కల్లం అంటుకున్నవాడికి కిరోసిన్ అమ్మినట్టుంది. మీ అత్తగారు ప్రేమకొద్దీ అలాంటిది తెప్పిస్తే, డాక్టరును అడగకుండా అబ్బాయికి ఇవ్వకండి.

కాబట్టి ఇంట్లో 'కాపు కాసే కణాలు' నిక్షేపంగా అనండి. పరీక్ష పేపరులో పిల్లలు 'రోగనిరోధక' అనే రాయాలి, మార్కులు మాస్టారి చేతిలో ఉన్నాయి మరి. సామెత తీసేసి కల్లం కథ చెప్పి చూడండి. పెద్దావిడకు మిరపకాయ సంగతి నాకన్నా బాగా తెలిసి ఉంటుంది.

ప్రేగు, పేగు రెండూ ఒప్పే. పాతది ప్రేగు, నోట నలిగింది పేగు. ఒకే కాగితంలో రెండూ రాయకుండా ఉంటే చాలు.