ఎపిక్యూరస్ సంగతి తర్వాత, ముందు క్రియాటినిన్ టెస్ట్ చేయించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 47 ఏళ్ళు. శని, ఆదివారాలు ఫ్రెండ్స్‌తో బీరు, బిర్యానీ. సోమవారానికి నడుము కుడి పక్కన నొప్పి, అప్పుడప్పుడు మూత్రంలో మంట. మూడు నెలలుగా వారానికి నాలుగైదు డైక్లోఫెనాక్ నొప్పి బిళ్ళలు సొంతంగా వేసుకుంటున్నా, బీపీకి రోజూ టెల్మిసార్టన్. ఈ మధ్య గ్రీకు ఫిలాసఫీ చదువుతున్నా. సుఖాన్నీ దాని వెనక వచ్చే బాధనీ తూకం వేసుకోమన్నాడు ఎపిక్యూరస్, ఎక్కువ కాలం ఉండే నొప్పి ఓర్చుకోగలిగేదే అని కూడా అన్నాడు. నా లెక్కలో సుఖమే ఎక్కువ తూగుతోంది. నా లెక్క కరెక్టేనా?

జవాబు: మీరు తూకం గురించి అడిగారు గానీ నా చూపు ఆ నొప్పి బిళ్ళల దగ్గరే ఆగిపోయింది. మూడు నెలలు, వారానికి నాలుగైదు, అదీ ఏ డాక్టరూ రాయకుండా. నొప్పి బిళ్ళ కిడ్నీకి రక్తం వెళ్ళే దారిని ఇరుకు చేస్తుంది, టెల్మిసార్టన్ కిడ్నీలో వడపోత దగ్గర ప్రెషర్ తగ్గిస్తుంది, పైగా బీరు తాగిన మర్నాడు ఒంట్లో నీళ్ళు తక్కువ, ఈ మూడూ ఒకే సోమవారం కలుస్తున్నాయి మీకు. డైక్లోఫెనాక్ ఈరోజే ఆపండి. బీపీ బిళ్ళ మాత్రం సొంతంగా ఆపొద్దు, చూపించుకున్నప్పుడు అడగండి.

మిమ్మల్ని చూడకుండా రాస్తున్నా కాబట్టి మీ నొప్పి కిడ్నీలో రాయి వల్లే అని చెప్పలేను, కండరాల నొప్పి కూడా కావచ్చు. కానీ పక్క నొప్పి, మూత్రంలో మంట కలిసి వచ్చినప్పుడు రాయి, ఇన్ఫెక్షన్ లేవని తేల్చుకోవాల్సిందే.

ఇక మీ ఎపిక్యూరస్. సుఖం చెడ్డదని ఆయన అనలేదు, నిజమే. తన శిష్యుడు మెనోసియస్‌కి రాసిన ఉత్తరంలో, వెనకాల పెద్ద ఇబ్బంది వస్తుందంటే చాలా సుఖాలు వదిలేస్తాం, తర్వాత మేలు జరుగుతుందంటే కొన్ని బాధలు కోరి పడతాం అన్నాడు. అదే ఉత్తరంలో సుఖమంటే వరసపెట్టి తాగడం, విందులు కాదని కూడా రాశాడు, ఆ ముక్క మీరు దాటేసినట్టున్నారు. ఆయన మామూలు తిండి రొట్టె, నీళ్ళు, విందు చేసుకోవాలనిపిస్తే ఉంటుందని స్నేహితుణ్ణి చిన్న కుండెడు చీజ్ పంపమని అడిగాడట.

ఇంకో సంగతి, మీకు చెప్పి తీరాలి. క్రీ.పూ. 270లో ఏథెన్స్‌లో ఆయన పోయింది రాయి అడ్డుపడి మూత్రం ఆగిపోయి, 14 రోజులు బాధపడి అని గ్రీకు తత్వవేత్తల జీవితాలు రాసిన డయోజెనీస్ లేయర్షియస్ రాశాడు. చివరి రోజున స్నేహితుడు ఇడోమెనియస్‌కి రాసిన ఉత్తరంలో ఎపిక్యూరస్ ఇంతకు మించిన నొప్పి ఉండదు అన్నాడు, స్నేహితులతో మాట్లాడుకున్న మాటలు తలుచుకుని దాన్ని తట్టుకున్నాడు. ఆయనకి స్కాన్ లేదు, యూరాలజిస్ట్ లేడు. మీ వీధి చివర డయాగ్నొస్టిక్ సెంటర్ ఉంటుంది, మీరెందుకండీ ఓర్చుకోవడం?

నాకు అసలు భయం ఇక్కడే. కిడ్నీ విషయంలో నొప్పిని నమ్మకూడదు. రాయి అడ్డుపడే ఉన్నా నొప్పి తగ్గిపోవచ్చు, లోపల కిడ్నీ వాచి నెమ్మదిగా పాడవుతున్నా మనిషికి తెలీదు, నా దగ్గరికి అలా లేటుగా వచ్చినవాళ్ళు ఉన్నారు, నొప్పి తగ్గిందిగా అని ఆగిపోయామండీ అంటారు. మీరేమో ఉన్న నొప్పిని కూడా బిళ్ళతో నొక్కేసి, ఆ తర్వాత తూకం వేస్తున్నారు. ప్లేటో రాసిన ప్రొటాగొరస్‌లో సోక్రటీస్ అంటాడు, దగ్గరున్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా కనబడుతుంది, అందుకే కంటితో కాదు, కొలిచి చూడాలని. శనివారం బీరు దగ్గర, కిడ్నీ దూరం.

కొలవడానికి సీరమ్ క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష), యూరిన్ టెస్ట్, కడుపు అల్ట్రాసౌండ్ ఈ వారంలోనే చేయించి రిపోర్టులతో దగ్గర్లో ఫిజీషియన్‌ని కలవండి. బీరు తాగితే రాయి పడిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. కొండపిండాకు కషాయం తాగుతుంటే డాక్టర్‌కి దాచొద్దు. చలిజ్వరం వచ్చినా, ఆగకుండా వాంతులైనా, మూత్రం తగ్గినా, ఎర్రగా వచ్చినా తెల్లారేదాకా చూడకుండా ఆ రాత్రే క్యాజువాలిటీకి వెళ్ళండి, మీరు వాడిన బిళ్ళల షీట్లు కూడా చేతిలో పెట్టుకుని వెళ్ళండి.