మెల్లకన్నును వక్రదృష్టి అనవచ్చునా?

సందేహం: మా అన్నయ్యకు 40 ఏళ్లు దాటాక ఎడమ కన్ను చెవివైపు పోతోంది. ఒక ఆరోగ్య వ్యాసంలో దీన్ని ‘బాహ్య వక్రదృష్టి’ అని రాశారు. ఇంట్లో మేము మెల్లకన్ను అంటున్నాం. ఏది సరైనది? కన్ను ముక్కువైపు తిరిగితేనే మెల్లకన్ను అనాలా?

సమాధానం: మీ ఇంట్లో అంటున్నదే సరైనది. సంస్కృతంలో వక్రదృష్టికి మెల్లచూపు అనే అర్థం ఉన్న మాట నిజమే. కాని తెలుగులో అది శని చూపుకూ చెడు తలంపుతో చూసేవారికీ అంటుకుపోయి నిందగా స్థిరపడింది. రోగి తన బాధను గురించి చదువుకునే చోట నింద వినిపించే మాట వేయడం అన్యాయం. సంస్కృత పదమే కావాలంటే, అమరకోశం మనుష్యవర్గంలో వలిర, కేకర అని రెండున్నాయి. మెల్ల అన్న చక్కని మాట మన నోటనే ఉండగా వాటి అవసరమూ లేదు.

కన్ను ఏ వైపు తిరిగినా మెల్లే. వైపు చెప్పవలసివస్తే ‘చెవివైపు మెల్ల’, ‘ముక్కువైపు మెల్ల’ అనండి, ఎవరికైనా అర్థమవుతుంది. దీన్ని ఓరచూపు మాత్రం అనకూడదు. ఓరగా చూడటం మనిషి కావాలని చేసే పని. మెల్ల అలాంటిది కాదు. ‘మెల్లకంటివాడు’ అని మనిషికే ఆ పేరు పెట్టేయడం కూడా మానుకోవాలి.

ఇంకొక పొరపాటు ‘చూపు తగ్గింది’ అనడం. మెల్ల వేరు, చూపు మందగించడం వేరు. చిన్నతనంలో మెల్ల వస్తే, పక్కకు తిరిగిన కంటి నుంచి వచ్చే దృశ్యాన్ని మెదడు చాలావరకు అణచివేస్తుంది. పెద్దయ్యాక కొత్తగా వస్తే ఆ వెసులుబాటు సాధారణంగా ఉండదు, ఒక వస్తువు రెండుగా కనబడుతుంది. అందుకే మీ అన్నయ్య డాక్టరుకు ‘చూపు బాగా లేదు’ అని చెప్పి ఊరుకోకూడదు. ఒకటి రెండుగా కనబడుతోందా, అలసినప్పుడో దూరం చూసినప్పుడో మాత్రమే కన్ను జారుతోందా, ఎండలో ఒక కన్ను మూసుకోవాలనిపిస్తోందా అన్నది విడివిడిగా చెప్పాలి. చిన్ననాటి నుంచి అణగి ఉన్న మెల్ల నడివయసులో బయటపడవచ్చు. శుక్లం వల్లనో దెబ్బ వల్లనో చూపు బాగా పోయిన కన్ను కూడా పెద్దవారిలో తరచు చెవివైపే జరుగుతుంది.

మెల్లకన్ను ఆపరేషన్‌ను ‘అందం కోసం’ అని రాసేవారున్నారు. అదీ తప్పుడు ప్రయోగమే. కంటిని కదిలించే ఆరు కండరాలలో అవసరమైనవాటిని సర్ది, రెండు కళ్లూ ఒకే చోట నిలిచేలా చేస్తారు. రెండుగా కనబడటం తగ్గడానికి పెద్దవారికీ అది ఉపయోగపడుతుంది. కొందరికి కాంతిని పక్కకు వంచే పట్టకపు (ప్రిజం) కళ్లద్దాలే సరిపోతాయి.

కన్ను ఉన్నట్టుండి పక్కకు తిరిగి, రెప్ప కూడా వాలిపోతే మాత్రం ఏ పేరుతో పిలవాలన్న ఆలోచన పక్కనపెట్టి ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మెదడు నుంచి కంటికి వచ్చే నరం దెబ్బతిన్నదేమో వెంటనే చూడాలి.